రీఫ్ తొట్టిలో చేప హేచరీలోనే పుట్టాలి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



విశాఖపట్నంలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్లు కొద్దిమందే. మంచినీటి తొట్టిలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లను వదిలి, పూటకు కాస్త మేత చల్లితే సరిపోయే వ్యవహారం కాదు ఇది. సముద్రపు రాళ్లు, ఇసుక, నాచు, సన్యాసి పీతలు, శుభ్రం చేసే చిన్న రొయ్యలు, మెత్తని పగడాలు, వాటి మధ్య తిరిగే రంగుల చేపలు, ఇవన్నీ కలిసి ఒకదాని మీద ఒకటి ఆధారపడి బతకాలి. దీన్నే రీఫ్ ట్యాంకు అంటున్నారు. కొద్దిమంది ముచ్చట కదా అని ఇంతవరకు మన రాష్ట్రంలో దీన్ని మత్స్యశాఖ పనిగా ఎవరూ తలచలేదు. నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈ తొట్లలోకి వెళ్లే చేప సముద్రంలో పట్టినది కాకుండా, మన తీరం మీది హేచరీలో పుట్టినది అయ్యేలా విశాఖ కేంద్రంగా పని మొదలుపెట్టండి. ఈ కోరిక వినగానే నాలుగైదు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. వాటిలో కొన్ని బలమైనవే. అందుకే ఈ లేఖ కొంచెం పెద్దదవుతోంది, మన్నించండి.

ముందు ఆ తొట్టి ఎలా నడుస్తుందో చెప్పాలి. దాన్ని గది అలంకరణగా మాత్రమే చూస్తే మిగతా వాదన అర్థం కాదు. లీటరు నీటిలో 35 గ్రాముల లవణాలు ఉండాలి. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. చేపలు విసర్జించే అమ్మోనియా వాటికే విషం. రాళ్ల సందుల్లో పెరిగే ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండు జాతులూ కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఖాళీ తొట్టిని చూస్తూ ఓపిక పట్టాల్సిందే. నీరు ఆవిరైతే లవణాలు వెనకే మిగులుతాయి కనుక తగ్గిన మేరకు ఉప్పు నీరు కాదు, శుద్ధి చేసిన మంచినీరు పోయాలి. ప్రొటీన్ స్కిమ్మర్ అనే గొట్టంలో సన్నని గాలి బుడగలు పైకి లేస్తూ నీటిలోని మలినాన్ని నురగగా తోడేస్తాయి. పగడం మొక్క కాదు, రాయి కాదు, జంతువు. దాని కణాల్లో కాపురముండే సూక్ష్మమైన శైవలాలు వెలుతురును ఆహారంగా మార్చి దానికి పెడతాయి. వేడి ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ కాపురం చెడుతుంది. పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. పగడపు దిబ్బలు తెల్లబారుతున్నాయన్న వార్త పత్రికలో చదివినవాడికి అది ఎక్కడో జరిగిన సంగతి. ఏడాదిపాటు రీఫ్ తొట్టిని కాపాడినవాడికి ఒక్క డిగ్రీ అంటే ఏమిటో తెలుసు. ఓడలు, ఖనిజం, నౌకాదళం, చేపల రేవు ద్వారానే సముద్రాన్ని ఎరిగిన మన ఊరికి, నీటి అడుగున ఏముందో చూపించే సాధనాలు చాలా తక్కువ. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని అక్వేరియంను మినహాయిస్తే సామాన్యుడికి గాజు వెనక సముద్రం కనిపించే చోట్లు వేళ్ల మీద లెక్కించవచ్చు. కాబట్టి ఈ అభిరుచికి విలువ ఉందని నేను గట్టిగానే నమ్ముతున్నాను. దాని మూలంలో ఒక తప్పు ఉందని కూడా అంతే గట్టిగా నమ్ముతున్నాను.

ఆ తప్పు చేపల పుట్టుకలో ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే మంచినీటి అలంకార చేపల్లో దాదాపు 90 శాతం చెరువుల్లో, తొట్లలో పుట్టి పెరిగినవే. ఉప్పునీటి చేపల్లో కథ తలకిందులు. అత్యధిక భాగం ఇప్పటికీ పగడపు దిబ్బల మీద వలేసి పట్టినవే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమానికి చెందిన కేంద్రం 2003లో ప్రచురించిన నివేదిక ప్రకారం, ఏటా 2 కోట్ల నుంచి 2 కోట్ల 40 లక్షల సముద్రపు చేపలు, 1 కోటీ 10 లక్షలకు పైగా పగడపు ముక్కలు, మరో 90 లక్షలకు పైగా ఇతర ప్రాణులు ఈ వ్యాపారంలో చేతులు మారుతున్నాయి. జాతుల లెక్కన చూస్తే చేపలే 1,400 దాటాయి. 1960లలో ఫిలిప్పీన్స్‌లో మొదలైన ఒక పద్ధతి ఉంది. సయనైడ్ కలిపిన నీటిని పగడాల సందుల్లోకి చిమ్మితే మత్తెక్కిన చేప చేతికి చిక్కుతుంది. చుట్టూ ఉన్న పగడం చచ్చిపోతుంది. పట్టిన చేపల్లో చాలా భాగం కొద్ది వారాలకే చచ్చిపోతుంది. ఇండోనేషియాలోని బంగాయి దీవుల చుట్టూ మాత్రమే సహజంగా ఉండే ఒక కార్డినల్ చేప అక్వేరియం వేటకు ఎంతగా తరిగిపోయిందంటే, 2007లో దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల్లో చేర్చాల్సి వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ చేప తొట్టిలో తేలిగ్గా పిల్లలు పెట్టే రకం. మగచేప గుడ్లను నోట్లో పొదిగి, బతకగలిగిన పిల్లలుగా బయటికి వదులుతుంది. పెంచగలిగిన చేపను కూడా పట్టడమే చవక అనిపించినంత కాలం పడుతూనే ఉంటారు. దుకాణంలో మెరుస్తున్న చేప ఏ సముద్రానిదో, ఏ పద్ధతిలో చిక్కిందో కొనేవాడికి చెప్పే ఏర్పాటు మన దేశంలో ఇప్పటికీ లేదు. బిల్లు మీద జాతి పేరైనా సరిగా రాసి ఉండదు.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో 2001లో గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, గోర్గోనియన్లనూ, సముద్రపు గుర్రాలనూ, వాటి బంధువులైన పైప్ ఫిష్‌లనూ చేర్చారు. కొన్ని పెద్ద ఆల్చిప్పలు కూడా అందులో ఉన్నాయి. మొదటి షెడ్యూల్ అంటే పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ఆ సవరణే వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలోని సజీవ ప్రాణులను దగ్గర పెట్టుకున్నవాళ్లు నమోదు చేసుకోవాలని కూడా చెప్పింది. దానికి నియమాలు 2024లో వచ్చాయి, నమోదు పరివేశ్ పోర్టల్ ద్వారా. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ అక్వేరియం దుకాణాల మీద నియమాలు తెచ్చి, క్లౌన్ ఫిష్ సహా 158 జాతుల జాబితా ఇచ్చి వాటి ప్రదర్శనను, అమ్మకాన్ని నిషేధించింది. మత్స్య సంస్థల నుంచీ పెంపకందార్ల నుంచీ వ్యతిరేకత రావడంతో వాటిని ఉపసంహరించుకుంది. ఈ మార్పులన్నీ తెలిసిన దుకాణదారుడు మన రాష్ట్రంలో ఎంతమంది ఉంటారో మీకే తెలియాలి. కొత్తగా అభిరుచి పట్టిన కాలేజీ కుర్రాడు ఇంటర్నెట్‌లో అమెరికా వీడియో చూసి, వాళ్లు పెట్టిన గట్టి పగడమే తనకూ కావాలనుకుంటాడు. అది ఇక్కడ జైలుకు దారి తీసే వస్తువని అతనికి తెలుగులో చెప్పిన కాగితం ఒక్కటీ లేదు. నేను ఈ చట్టాన్ని తప్పుపట్టడం లేదు. మన పగడాలకు ఆ రక్షణ అవసరమే. కానీ నిషేధం ఉన్నచోట పక్కనే తెరిచి ఉంచిన సరైన తలుపు ఒకటి కనిపించాలి. ఆ తలుపు హేచరీ.

క్లౌన్ ఫిష్‌నే తీసుకోండి. జంట కుదిరిన చేపలు రాతి మీదో, మట్టి పెంకు మీదో ఒక్కో విడతకు కొన్ని వందల గుడ్లు పెడతాయి. తండ్రి రెక్కలతో వాటికి గాలి విసురుతూ, పాడైనవాటిని ఏరిపారేస్తూ కాపలా కాస్తాడు. నీటి వేడి 28 డిగ్రీల దగ్గర ఉంటే ఏడెనిమిది రోజులకు, చీకటి పడ్డాక, గుడ్లు పొదుగుతాయి. లార్వాకు మొదటి మేత రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు, తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్యలు. రెండు వారాల్లో తెల్లచారలు దిద్దుకుని చేపపిల్ల ఆకారం వస్తుంది. మూడు నాలుగు నెలలకు అమ్మకానికి సిద్ధం. జంట ఒకసారి కుదిరాక నెలకు రెండుసార్లు కూడా గుడ్లు పెడుతుంది, ఏళ్ల తరబడి పెడుతుంది. ఈ వాక్యాలు చదువుతుంటే భీమిలి నుంచి పూడిమడక దాకా, అక్కడి నుంచి కాకినాడ తీరం దాకా వరుసగా ఉన్న రొయ్యల హేచరీల్లో పనిచేసే ఏ టెక్నీషియన్‌కైనా తెలిసిన పనులే కనిపిస్తాయి. సముద్రపు నీటిని ఇసుక ఫిల్టర్ల గుండా పంపి, క్లోరిన్ పెట్టి, గాలి ఆడించి శుద్ధి చేయడం అతనికి వచ్చు. డయాటమ్‌లను సంచుల్లో పెంచడం వచ్చు. ఆర్టీమియా గుడ్లను రాత్రి నానేసి పొద్దున పొదిగించడం రోజువారీ పని. కొత్తగా నేర్చుకోవాల్సింది రోటిఫర్ల పెంపకం, చేప జంటలను కుదర్చడం, అంతే. దేశంలో ఇంకెక్కడైనా ఒక ఉప్పునీటి చేపల హేచరీకి మనుషులను వెతకాలి. ఇక్కడ మనుషులు ముందే ఉన్నారు.

ఇలా ఒక పని ముందు చూపించి పరిశ్రమను నిలబెట్టిన చరిత్ర కూడా ఈ ఊరికి ఉంది. 1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, విశాఖ దగ్గర మంగమారిపేటలో టాస్పార్క్ పేరుతో రొయ్య సీడ్ ఉత్పత్తి కేంద్రాన్ని నెలకొల్పింది. అప్పటిదాకా రైతు సీడ్ కోసం క్రీకుల్లో వల వేసే మనుషుల మీద ఆధారపడేవాడు. తల్లిరొయ్యను ఒడ్డున గుడ్లు పెట్టించి, పిల్లలను లక్షల్లో తీయవచ్చని ఆ కేంద్రం కళ్లముందు నిరూపించాక, ప్రైవేటు హేచరీలు తీరం పొడవునా వచ్చాయి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో సింహభాగం మన రాష్ట్రానిది కావడం వెనక ఆ మొదటి అడుగు ఉంది. ఇక పరిశోధన పక్షాన, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐకి పాండురంగాపురంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆరెంజ్ స్పాటెడ్ గ్రూపర్, ఇండియన్ పాంపనో, పింక్ ఇయర్ ఎంపరర్ వంటి కష్టమైన చేపలను తొట్లలో గుడ్లు పెట్టించి పిల్లలను తీసినవాళ్లు అక్కడి శాస్త్రవేత్తలే. గ్రూపర్ లార్వా నోరు ఎంత చిన్నదంటే, దానికి మొదటి మేత అందించడమే పెద్ద పరీక్ష. దాన్ని దాటినవాళ్లకు క్లౌన్ ఫిష్ భారం కాదు. అదే సంస్థకు చెందిన కేరళలోని విళింజం కేంద్రం క్లౌన్, డామ్సెల్ చేపల పెంపకాన్ని ఎప్పుడో సాధించింది. 2024లో అజ్యూర్ డామ్సెల్, ఆర్నేట్ గోబీ అనే మరో రెండు అలంకార చేపలనూ చేర్చింది. తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం కూడా ఈ పని చేసింది. లక్షద్వీప్‌లోని అగత్తిలో నేషనల్ బ్యూరో ఆఫ్ ఫిష్ జెనెటిక్ రిసోర్సెస్ అలంకార రొయ్యలు, క్లౌన్ ఫిష్‌ల పెంపకాన్ని ద్వీపపు మహిళలకే నేర్పింది. అంటే విద్య దేశంలో ఉంది, అందులో కొంత మన ఊళ్లోనే ఉంది. దాన్ని హేచరీకీ దుకాణానికీ కలిపే చెయ్యి మాత్రం లేదు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది: ఇది డబ్బున్నవాళ్ల సరదా, మత్స్యకారుడికి డీజిల్ అందని రాష్ట్రంలో దీనికి ప్రభుత్వ సమయమెందుకు? తొట్టిని పెట్టుకునేవాడు డబ్బున్నవాడు కావచ్చు, ఒప్పుకుంటాను. చేపను పెంచేవాళ్లు ఎవరన్నది వేరే ప్రశ్న. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల పెంపకానికి విడిగా పద్దు ఉంది. పెరటి యూనిట్‌కు 3 లక్షలు, మధ్యస్థ యూనిట్‌కు 8 లక్షలు, తల్లిచేపలు, పిల్లల ఉత్పత్తి కలిపిన మంచినీటి సమగ్ర యూనిట్‌కు 25 లక్షల రూపాయల వ్యయం లెక్కగట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగిలినవారికి 40 శాతం రాయితీ. ఆ పద్దు ఉప్పునీటి చేపలకూ వర్తిస్తుంది. హేచరీ నుంచి వేలి గోరంత పిల్లలను తీసుకుని మూడు నెలలు సాకి అమ్మే పని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట ఆగిపోయినప్పుడు కూడా ఆగదు. మంగమారిపేటలోనో, పెదజాలరిపేటలోనో ఒక మహిళా సంఘం షెడ్డులో జరగగలిగిన పని ఇది. ఈ మార్కెట్ రొయ్యల మార్కెట్ స్థానాన్ని ఎన్నటికీ తీసుకోదు. అలా చెబితే అబద్ధమవుతుంది. కానీ 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఒకే జాతి మీద, ఒకే కొనుగోలుదారు మీద బతకడం ఎంత ప్రమాదమో మన హేచరీలకు తెలిసివచ్చింది. ఖాళీగా ఉన్న తొట్లలో నాలుగింటికి ఇంకో పని దొరికితే ఒక్క కుటుంబానికైనా అది చిన్న విషయం కాదు.

రెండో అభ్యంతరం నాకు అన్నిటికన్నా గౌరవనీయమైనది. సముద్రపు ప్రాణిని గాజు గోడల మధ్య పెట్టడమే హింస కదా? చాలా జాతుల విషయంలో ఈ మాట నిజమని నేననుకుంటాను. రోజంతా కిలోమీటర్ల దూరం ఈదే చేపను, మూరెడు పెరిగే ఏంజెల్ చేపను, పగడాలు తప్ప ఇంకేమీ తినని సీతాకోక చేపలను ఇంటి తొట్టిలో పెట్టడానికి ఏ సమర్థనా లేదు. హేచరీ వాదనకున్న బలం ఇక్కడే ఉంది. తొట్టిలో పుట్టి పెరగగలిగిన జాతి అంటే, సాధారణంగా, చిన్న చోటులో జతకట్టి బతికే స్వభావమున్న జాతి. క్లౌన్ ఫిష్ సముద్రంలో కూడా తాను కాపురముండే అనిమోన్ అనే జీవి చుట్టూ కొద్ది అడుగులు దాటి పోదు. గోబీ తన బొరియ విడవదు. హేచరీ జాబితానే అనుమతి జాబితాగా పెడితే, ఉంచకూడని చేపలు చాలా వరకు వాటంతటవే బయట ఉండిపోతాయి. చిన్నప్పటి నుంచే పొడి మేతకు అలవాటుపడిన పిల్ల కొత్త తొట్టిలో తిండి మానేసి చావదు కూడా. హింస పూర్తిగా పోయిందని చెప్పను, కానీ ఈ రోజు దుకాణంలో జరుగుతున్నదానికీ దీనికీ తేడా చాలా పెద్దది.

సులభంగా దొరికితే కోరిక పెరుగుతుంది, పెరిగిన కోరిక మళ్లీ సముద్రం మీదే పడుతుంది అనేది మూడో అభ్యంతరం. 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చాక క్లౌన్ ఫిష్‌ల వేట విపరీతంగా పెరిగిందన్న మాట ప్రపంచమంతా నమ్మింది. తర్వాతి పరిశోధకులు దానికి గట్టి ఆధారాలు దొరకలేదని తేల్చారు. దాని తర్వాతి సినిమా ‘ఫైండింగ్ డోరీ’ విషయంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం, ఇంటర్నెట్‌లో అందులోని బ్లూ టాంగ్ చేప గురించి వెతకడం పెరిగిందే తప్ప దిగుమతులు పెరిగినట్టు కనిపించలేదని చెప్పింది. డోరీగా పేరుపడ్డ బ్లూ టాంగ్‌ను తొట్టిలో గుడ్డు నుంచి పెంచడం ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 2016లో తొలిసారి సాధ్యమైంది. దానికి ఏళ్ల కృషి పట్టింది. కాబట్టి ఏ చేప పెంపకానికి లొంగుతుంది, ఏది లొంగదు అన్న తేడా ముఖ్యం. లొంగనిదాన్ని దుకాణంలోకి రానివ్వకూడదు. హేచరీ ఒక్కటే వస్తే ఈ అభ్యంతరం నిలుస్తుంది. హేచరీతోపాటు చేప ఎక్కడ పుట్టిందో చెప్పే పుట్టుక పత్రం, తనిఖీ వస్తే నిలవదు.

కరెంటు సంగతి దాటవేయకూడదు. విశాఖ ఎండాకాలంలో తొట్టిని 26 డిగ్రీల దగ్గర నిలపాలంటే చిల్లర్ అనే శీతలయంత్రం రేయింబవళ్లు తిరగాలి. దీపాలు, పంపులు అదనం. మన ఊరికి దగ్గర్లోనే పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం బొగ్గు కాల్చి కరెంటు ఇస్తోంది. ఆ పొగ వేడెక్కించిన సముద్రంలోనే పగడాలు తెల్లబారుతున్నాయి. 1998, 2010, 2016లలో లక్షద్వీప్ పగడాలు అలాగే దెబ్బతిన్నాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగో విడత తెల్లబారడం మొదలైందని అమెరికా సముద్ర వాతావరణ సంస్థ ప్రకటించింది. మన తెలుగు నేల మీదే, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన దేశపు దిబ్బల దగ్గర నీటి వేడిని చూస్తూ ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. ఒకవైపు ఆ హెచ్చరిక, ఇంకోవైపు కరెంటు మింగే పగడపు తొట్టి, ఈ వైరుధ్యాన్ని అభిరుచి ఉన్నవాళ్లు నిజాయితీగా ఎదుర్కోవాలి. నా జవాబు ఇది: ఇక్కడి వాతావరణంలో గట్టి పగడాల తొట్టి పెట్టవద్దు. చట్టం ఎలాగూ ఒప్పుకోదు. 28 డిగ్రీలను తట్టుకునే మెత్తని పగడాలు, క్లౌన్, డామ్సెల్, గోబీ చేపలు ఉన్న చిన్న తొట్టికి చాలా నెలలు పైన ఒక ఫ్యాను తిప్పి నీటిని ఆవిరి చేస్తే సరిపోతుంది. మన తీరపు నీటిలో, మన తీరపు వేడిలో పుట్టి పెరిగిన పిల్లలు ఆ వేడికి అలవాటుపడే వస్తాయి. స్థానిక హేచరీ ఉంటే కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

ఇక మనవాళ్లందరికీ గుర్తుండాల్సిన ఒక ప్రమాదం. విశాఖ హార్బర్‌లో 1967లో ఒక చిన్న ఆల్చిప్ప కనిపించింది. దాని స్వస్థలం అట్లాంటిక్ అవతలి మధ్య అమెరికా తీరం. మైటిలాప్సిస్ సాలీ అంటారు. ఓడలకు అంటుకుని వచ్చిన ఆ జీవి రేవు గోడలను, ఓడల అడుగుభాగాలను దట్టంగా కప్పేసి, స్థానిక జీవులకు చోటు లేకుండా చేసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు దాని గురించి 1971లో రాశారు. అర్ధశతాబ్దం దాటినా దాన్ని తుడిచిపెట్టలేకపోయాం. అమెరికా ఆగ్నేయ తీరంలో ఇండో పసిఫిక్ లయన్ ఫిష్ 1980ల నుంచి వ్యాపించి అక్కడి దిబ్బల చేపలను మింగేస్తోంది. అక్వేరియంల నుంచి వదిలిన చేపలే దానికి మూలమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంట్లో పెంచలేక ‘పాపం, సముద్రంలో వదిలేద్దాం’ అనుకునే మంచి మనసే ఇక్కడ శత్రువు. విశాఖ హేచరీ మన బంగాళాఖాతపు జాతులనే, ఈ నీటిలోనే దొరికిన తల్లిచేపల సంతతినే పెంచితే ఈ ప్రమాదం చాలా మేరకు తగ్గుతుంది. వద్దనుకున్న చేపను తిరిగి తీసుకోవడానికి దుకాణం ఒప్పుకోవాలన్న షరతు లైసెన్సులోనే రాయాలి.

మన జాతులు అన్నప్పుడు ఇంకో భయం కూడా ఉంది. తెన్నేటి పార్కు కింద, రుషికొండ, యారాడ, భీమిలి దగ్గర ఆటుపోట్ల మధ్య బయటపడే రాళ్ల గుంటల్లో అనిమోన్లు, జొవాంతిడ్లు, సముద్రపు ముళ్లకాయలు, చారల డామ్సెల్ పిల్లలు ఉన్నాయి. జూలాజికల్ సర్వే పరిశోధకులు మన తీరంలో గట్టి పగడాలను కూడా నమోదు చేశారు. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ లాంటి సంస్థలు పోటు తీసినప్పుడు అక్కడికి నడకలు నిర్వహించి పిల్లలకు ఈ జీవులను చూపిస్తున్నాయి. ఉచితంగా దొరుకుతాయి కదా అని ఆ గుంటలను సంచులతో ఖాళీ చేసే రోజు రాకూడదు. రాష్ట్రం హేచరీ చేపను ముందుకు తేకపోతే, ఈ అభిరుచి పెరిగిన కొద్దీ ఆ రోజు దగ్గరవుతుంది. పైగా ఈ తీరపు నీరే ఏడాదంతా ఒకలా ఉండదు. 1950లలో ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరాన్ని కొలిచాడు. వేసవి ముందు నెలల్లో అడుగునున్న చల్లని నీరు పైకి ఉబికి రావడం, వానల తర్వాత ఉత్తరాది నదుల మంచినీరు తీరం వెంట దక్షిణానికి పారి ఉప్పదనాన్ని బాగా తగ్గించడం ఆ కొలతల్లో కనిపించాయి. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ నీటిని బిందెతో తెచ్చి తొట్టిలో పోస్తే చేప తట్టుకోలేదు. రేవు దగ్గరి నీటిలో నూనె, మురుగు అదనం. ఇంట్లో అయితే ఆర్‌ఓ నీటిలో కృత్రిమ సముద్రపు ఉప్పు కలుపుకోవడమే మేలు. హేచరీ అయితే ఎండాకాలంలో పట్టిన నీటిని నిల్వ చేసుకోవాలి. ఈ సంగతి రొయ్యలవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి కమిషనర్ గారూ, పెద్ద భవనమేదీ అడగడం లేదు. సీఎంఎఫ్ఆర్ఐ విశాఖ కేంద్రంతో ఒప్పందం చేసుకుని, ముందుకొచ్చే రెండు మూడు రొయ్యల హేచరీల్లో క్లౌన్, డామ్సెల్, గోబీ తల్లిచేపల వరుస ఒకటి పెట్టించండి. అక్కడ పుట్టిన పిల్లలను సాకడానికి మత్స్య సంపద యోజన పద్దు కింద తీర గ్రామాల మహిళా సంఘాలకు యూనిట్లు మంజూరు చేయండి. హేచరీ నుంచి దుకాణం దాకా చేప వెంట నడిచే పుట్టుక పత్రాన్ని తప్పనిసరి చేయండి. ఆ పత్రం లేని ఉప్పునీటి చేపను అమ్మడానికి గడువు పెట్టి, ఆ తర్వాత ఆపించండి. అటవీ శాఖతో కలిసి, ఏ ప్రాణి నేరం, ఏది నమోదు చేసుకోవాలి, ఏది ఉంచుకోవచ్చు అన్నది బొమ్మలతో, తెలుగులో, ఒక్క పేజీలో రాయించి ప్రతి అక్వేరియం దుకాణంలో గోడకు అంటించండి. మత్స్యదర్శినిలో ఒక తొట్టిని ఈ హేచరీ పిల్లలకు, వాటి తల్లిదండ్రులకు కేటాయించమని నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏను అడగండి. గుడ్డు కాస్తున్న తండ్రి చేపను బడిపిల్లలు చూసేలా ఆ తొట్టిని పెట్టించండి. వీటిలో మొదటిది ఈ వేట నిషేధ కాలంలోపు మొదలైతే, తొలి గుడ్లు పొదిగిన నాలుగు నెలలకు పిల్లల మొదటి విడత దుకాణాలకు చేరుతుంది. మీ శాఖ జవాబును పత్రికాముఖంగానే కోరుతున్నాను.

ఇట్లు,
విశాఖపట్నం పౌరుడొకరు